కుండ నుంచి జాడీ దాకా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం ప్రసంగకర్త స్వయంగా రాసి ఇచ్చిన పాఠం.)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ గురించి చాలా విషయాలు చెప్పారు. అవి మనందరికీ కావలసిన మాటలు. నన్ను మాత్రం కార్యదర్శి గారు కుండల మీద మాట్లాడమన్నారు. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి కాఫీ తాగి, చేతిలోని కప్పును తిరగేసి చూసి, "ఇది ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. "కొనలేదండీ, చేశాం" అన్నాను. ఆ ఒక్క మాట నన్ను ఈ మైకు ముందు నిలబెట్టింది.

మీలో చాలామందికి నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా 2011లో రిటైరైన మనిషిగానే తెలుసు. కె.సి. కాలువ ఫైళ్లలోనే నా తల నెరిసింది. నేను కుమ్మరి ఇంట్లో పుట్టానన్న సంగతి ఈ హాల్లో పదిమందికి కూడా తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే. ఆ సంగతి కొంచెం తరువాత చెబుతాను.

మాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఒక చిన్న పల్లె. మా నాయనకు సారె, ఆవము తప్ప సెంటు భూమి లేదు. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు మన్ను తెచ్చి ఏడాదికి సరిపడా కుప్ప పోసేవాడు. మన వైపు నల్లరేగడి సంగతి మీకు తెలిసిందే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకని అందులో ఇసుక, బూడిద కలిపి, నీళ్లు పోసి, మా అమ్మా మా అక్కా కాళ్లతో తొక్కేవాళ్లు. కడవలు, బానలు, అటికలు, మూకుళ్లు, దుత్తలు, ప్రమిదలు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు, అన్నీ ఆ ముద్దలోంచే వచ్చేవి. వీటికి డబ్బులిచ్చే అలవాటు తక్కువ. పంట నూర్చినప్పుడు కళ్లంలో మేర కొలిచేవారు. ఆ గింజలే మాకు జీతం.

తరువాత సత్తు గిన్నెలు వచ్చాయి, ఆ వెనక స్టీలు, ఆ వెనక ప్లాస్టిక్ బిందెలు. బిందె కింద పడినా పగలదు. కడవ పగిలితేనే కదా కుమ్మరికి అన్నం! "కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అని సామెత. మా ఇంట్లో ఆ గుదియ పెట్టు ఒక్కసారిగా పడలేదు, ఇరవై ఏళ్లపాటు పడుతూనే వచ్చింది. కళ్లంలో మేర ఏడాదికేడాది తగ్గింది, ఒక యేడు అసలు పిలవలేదు.

మా అమ్మకు ఒక ఊరగాయ జాడీ ఉండేది. పైన సగం గోధుమరంగు, కింద సగం తెలుపు, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. నాయన దాన్ని నంద్యాల సంతలో కొనుక్కొచ్చాడు. కుమ్మరి ఇంట్లో కొన్న జాడీ ఏమిటని చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నాయన దాన్ని వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కంచు మోగినట్టు మోగేది. ఒకరోజు నాతో అన్నాడు: "ఇది కూడా మన్నేరా. మన నిప్పు చాలక మనవల్ల కాలేదు."

నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో అర్థం కావడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.

ఆ శాస్త్రం ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. మన పల్లె ఆవములో కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి కాలిస్తే వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మన్ను గట్టిపడుతుంది గానీ రేణువుల మధ్య సందులు మిగిలే ఉంటాయి. ఆ సందుల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. అందుకే కడవలో నీళ్లు చల్లగా ఉంటాయి. అదే కుండలో ఊరగాయ పెడితే నూనె, ఉప్పు, పులుపు గోడలోకి ఇంకిపోతాయి. జాడీని 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ వేడికి మన్నులో కొంత భాగం కరిగి గాజులా మారి సందులన్నీ మూసేస్తుంది. మన్ను రాయవుతుంది. దీన్ని ఇంగ్లీషువారు స్టోన్‌వేర్ అన్నారు, మనం రాతిమట్టి పాత్ర అనుకోవచ్చు. పక్కనే ఆళ్లగడ్డలో శిల్పులు రాతిని దేవుడుగా చెక్కుతారు. ఇక్కడ నిప్పు మన్నును రాతిగా చేస్తుంది.

మరి నాయన ఇంకో నాలుగు బండ్ల కట్టెలు వేసి ఉంటే జాడీ అయ్యేదా? కాదు. మన చెరువుమన్ను 1100 డిగ్రీలు దాటితే ఉబ్బి, వంగి, చివరికి కరిగి నేలకు అంటుకుంటుంది. అంత వేడికి నిలిచే మన్ను వేరు. గూడూరు ప్రాంతంలో అభ్రకంతో పాటు పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ దొరుకుతాయి. ద్వారకా తిరుమల వైపు మంచి తెల్లబంకమన్ను దొరుకుతుంది. గూడూరులో ఈ పని మీద సర్కారు సిరామిక్ ఫ్యాక్టరీ ఉండేది, పిల్లలకు డిప్లొమా చెప్పే సిరామిక్ విద్యాసంస్థా వచ్చింది. అంటే మన తెలుగునేలకు ఈ విద్య కొత్త కాదు. కాకపోతే అది ఫ్యాక్టరీకి వెళ్లింది గానీ కుమ్మరి వాకిట్లోకి రాలేదు.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటి గుమాస్తా ఒకాయన "మీ నాయనగారేం చేస్తారు?" అని అడిగాడు. "వ్యవసాయం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి అన్న అబద్ధానికి ముప్పై ఏళ్లు కాపలా కాయవలసి వచ్చింది. నాయన ఒకసారి నన్ను చూడటానికి ఆఫీసుకు వచ్చాడు. గోళ్లలో మన్ను. నేను గబగబా బయటికి తీసుకెళ్లి హోటల్లో ఉగ్గాని పెట్టించి బస్సెక్కించాను. ఆయనకు అర్థమైంది. మళ్లీ ఆఫీసుకు రాలేదు. 1994లో పోయాడు. ఆయన సారె మా అక్క వాకిట్లో గోడకు ఆనించి ఉండిపోయింది.

మొల్ల కుమ్మరి ఇంటి ఆడబిడ్డ. ఆమె ఊరు బద్వేలు దగ్గరి గోపవరమని చెప్పుకుంటారు, మన ఆళ్లగడ్డకు దూరమేమీ కాదు. తిరుమలలో స్వామివారికి నేటికీ మట్టి ఓడులో నైవేద్యం పెడతారని, దాని వెనుక భీముడనే కుమ్మరి భక్తుడి కథ ఉందని మీకు తెలుసు. దేవుడు సిగ్గుపడలేదు, కవయిత్రి సిగ్గుపడలేదు, సూపరింటెండెంటు సిగ్గుపడ్డాడు.

రిటైరయ్యాక మా అక్క కొడుకు ఒకరోజు వచ్చాడు. ఇంటర్ చదివి, రెండేళ్లు పుదుచ్చేరి దగ్గర ఒక కుండల శాలలో పనిచేసి వచ్చినవాడు. "మామా, మన వాకిట్లోనే జాడీలు కాల్చే ఆవము కడదాం" అన్నాడు. నాయన మాటే నాకు వినబడింది.

పుదుచ్చేరి పేరెందుకొచ్చిందో చెప్పాలి. మన దేశంలో చేత్తో చేసే ఈ రాతిమట్టి పాత్రలకు పెద్ద ముందుండి నడిపినవారిలో ఒకరు ఢిల్లీకి చెందిన గురుచరణ్ సింగ్. ఆయన 1919లో జపాన్ వెళ్లి అక్కడి కుమ్మరుల దగ్గర పని నేర్చుకున్నారు, 1995 వరకు జీవించారు. రెండో మజిలీ పుదుచ్చేరి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికన్లు అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని మొదలుపెట్టారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లకే పని నేర్పి, సరుగుడు కట్టెతో ఆవములు కాల్చి, ఇళ్లలో రోజూ వాడే పళ్లేలు, గిన్నెలు, కప్పులు చేయించారు. వారి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరో సొంత శాలలు పెట్టుకున్నారు. రే మీకర్ 1980లలో పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, ఆ ఇంటినే ఆవములా నిప్పు పెట్టి కాల్చే ప్రయోగాలు కూడా చేశారు. నేను వెళ్లి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించింది ఆవము కాదు. కాలేజీలు చదివిన పిల్లలు మోకాళ్ల దాకా మన్ను పూసుకుని, ఎవరైనా అడిగితే "నేను కుమ్మరిని" అని తలెత్తి చెప్పడం.

ఊరికి తిరిగొచ్చి నా కమ్యుటేషన్ డబ్బులో కొంత తీశాను. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఆమె తప్పు లేదు. చిన్నమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు.

2013లో మా అక్క వాకిట్లో రేకుల కొట్టం వేసి, అగ్గి ఇటుకలతో పొగగొట్టం ఉన్న ఆవము కట్టాం. మన్ను బయటినుంచే తెప్పించాం. పైన గాజుపూతకు మాత్రం ఎక్కడికీ పోనక్కరలేదని మా వాడు నిరూపించాడు. ఈ భాగం మీరు శ్రద్ధగా వినండి, మన నంద్యాల గొప్ప ఇందులో ఉంది.

గాజుపూతకు ముఖ్యంగా కావలసినవి మూడు: గాజయ్యే ఇసుక గుణం, దాన్ని కరిగించే సున్నం లాంటి పదార్థం, జారిపోకుండా పట్టి ఉంచే బంకమన్ను. మన చుట్టూ ఉన్న బియ్యం మిల్లుల్లో ఊక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. అందులో నూటికి తొంభై పాళ్లు ఆ ఇసుక గుణమే. బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి జాతి. కోతమిల్లుల దగ్గర దాని పొడి ఎవరికీ పట్టని చెత్త. రంగుకు బేతంచెర్ల వైపు దొరికే పసుపుమన్ను ఉంది. అందులోని ఇనుము నిప్పులో గోధుమరంగుగా, ఒక్కోసారి నలుపుగా తిరుగుతుంది.

ఇంకొకటి ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో నేల కింద తెల్లని బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడిన బూడిద అది. దాని పైనా కిందా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించాక ప్రపంచమంతా జ్వాలాపురం పేరు చెప్పుకుంది. అంతకు ముందు ఆ బూడిదను గిన్నెలు తోమే పొడికి తవ్వి అమ్మేవారు. అది నిజానికి మెత్తని గాజుపొడి. అలాంటి అగ్నిపర్వత బూడిదను దేశదేశాల కుమ్మరులు పూతల్లో వాడతారు. మేము మాత్రం ఆ పొర జోలికి పోలేదు. అది పరిశోధకులకు ఉండవలసిన సొత్తు. మాకు ఊక బూడిద చాలు.

అదే బనగానపల్లె చుట్టుపక్కల పాటపాడులో దొరికిన వేల ఏళ్ల నాటి రంగుగీతల పాత్రలకు పురావస్తు శాస్త్రంలో ఆ ఊరి పేరే పెట్టారు. అంటే మన జిల్లా పేరు 2022లో పుట్టింది గానీ, మన జిల్లా కుండ ఇనుము పుట్టకముందే పుట్టింది.

ఇక మొదటి కాల్పు. మూడు నెలల పని, 140 పాత్రలు, దాదాపు టన్ను కట్టె. తెల్లవారుజామున నాలుగింటికి నిప్పు పెట్టి రాత్రి తొమ్మిది దాకా కట్టె వేస్తూనే ఉన్నాం. లోపలి వేడి తెలుసుకోవడానికి కోన్ అనే చిన్న మట్టి మేకులు పెడతారు. అనుకున్న వేడి రాగానే అవి తలవంచుతాయి. ఇటుక సందులోంచి చూస్తే అది మెల్లగా వంగింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, పొగకు అనుకోండి. అన్ని సందులూ మూసేశాం. పూర్తిగా చల్లారడానికి రెండు రోజులు పడుతుందని మావాడు చెప్పాడు.

మరునాడు సాయంత్రం మా బంధువులు కొందరు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోతూ ఆగారు. వాళ్లకు చూపించాలని నాకు ఆత్రం. "రేపటిదాకా ఆగుదాం మామా" అన్నాడు. "నువ్వు నాకు చెప్పొచ్చావా?" అని నేనే పై ఇటుకలు తీశాను. చల్లగాలి లోపలికి పోయింది. కాసేపటికి లోపల్నుంచి టింగు, టింగు అని చప్పుడు. మొదట ముచ్చటగా ఉంది. మావాడి ముఖం చూశాక అర్థమైంది, అవి పగులుతున్న చప్పుళ్లు. మన్నులోని పలుగురాయి 573 డిగ్రీల దగ్గర పరిమాణం మార్చుకుంటుంది. ఆ మెట్టు నెమ్మదిగా దిగితేనే పాత్ర నిలుస్తుంది. నేను తోసేశాను. 140లో 31 మిగిలాయి.

బంధువులు "అయ్యో" అని వెళ్లిపోయారు. మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రాత్రంతా పెంకులు ఏరుతూ కూర్చున్నాడు. నేను వాటిని గుంతలో పోయించబోతే "పారేయొద్దు మామా" అన్నాడు. వాటిని దంచి జల్లించి కొత్త మన్నులో కలిపాడు. ఆ పెంకుపొడి కలిస్తే మన్ను ఎండేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది, బీటలు తక్కువ. పగిలిన కుండలు పగలని కుండలకు బలమయ్యాయి. రెండో కాల్పుకు నేను ఆవము దగ్గరకు పోలేదు. నంద్యాల ఇంట్లో కూర్చుని మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు ఫోనొచ్చింది: "మామా, పదకొండే పోయాయి."

అంతటితో కష్టాలు తీరాయని చెప్పను. చేత్తో చేసిన జాడీ ప్లాస్టిక్ డబ్బా ధరకు రాదు. కట్టె ఖరీదు, మన్ను లారీ బాడుగ, పగిలేవాటి నష్టం, అన్నీ లెక్కేస్తే కొన్ని నెలలు మావాడి కూలి కూడా మిగలదు. 2004లో రైళ్లలో మట్టి కప్పులన్నారు, 2018లో ఖాదీ కమిషన్ వారు కుమ్మరులకు కరెంటు సారెలు ఇచ్చే పథకం పెట్టారు. మంచివే. కానీ సారె తిరగడం ఒక ఎత్తు, సరుకు తిరగడం ఒక ఎత్తు. మధ్యలో బెంగళూరులో ఒక గిడ్డంగిలో ఉద్యోగం వచ్చిందని, పొమ్మంటావా అని మావాడు నన్నే అడిగాడు. నా కొడుకులిద్దరికీ సారె ముట్టనీయకుండా చదువు చెప్పించినవాణ్ణి నేను. వాడికి ఉండమని చెప్పే హక్కు నాకెక్కడిది? "నీ ఇష్టం నాయనా" అన్నాను. "ఒక్క ఏడాది చూస్తా" అన్నాడు. ఆ ఏడాది అయిపోయి చాలా కాలమైంది. వాడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న వాడి కూతుర్ని బడిలో చేర్పించడానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. అర్జీ ఫారం నా చేతికిచ్చి నింపమన్నాడు. జీవితమంతా ఫారాలు నింపిన చేయి కదా! 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. వాడు చూశాడు. కలం తీసుకుని తానే రాశాడు: 'కుమ్మరి'. రాసి, "అక్షరం సరిగ్గా ఉందా మామా?" అని అడిగాడు. ఉందన్నాను.

పెద్దలారా, మీ దగ్గర నేను విరాళం అడగడానికి రాలేదు. ఇంట్లోవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

జాడీ కొనేటప్పుడు వేలితో తట్టండి. గంటలా మోగితే మంచిది, బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉంది. అడుగున పూత లేని చోట ఒక చుక్క నీరు వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే అది సరిగా కాలలేదు, ఊరగాయకు పనికిరాదు. లోపలివైపు మెరిసే ఎరుపు, నారింజ రంగులు పూసిన అలంకారపు పాత్రల్లో పులుపు నిలవ పెట్టకండి. చవక పూతల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది, పులుపు దాన్ని కరిగించి కడుపులోకి చేరుస్తుంది. రాతిమట్టి పాత్రను నేరుగా పొయ్యి మీద పెట్టకండి, వేడి పాత్రలో చన్నీళ్లు పోయకండి. నేను ఇటుకలు తీసినందుకు ఏమైందో ఇప్పుడే విన్నారు.

ఇంకొక్కటి. మీలో ఎవరి నాయనైనా చెప్పులు కుట్టి ఉండవచ్చు, మగ్గం నేసి ఉండవచ్చు, బట్టలు ఉతికి ఉండవచ్చు. ఆ సంగతి మీ మనవలకు చెప్పండి. వాళ్లు ఆ పని చేయనక్కరలేదు. చేసినవాడి అన్నం తిని మనం ఇక్కడిదాకా వచ్చామని తెలిస్తే చాలు. నేను ముప్పై ఏళ్లు ఆలస్యంగా, మీ అందరి ముందు చెబుతున్నాను: మా నాయన వ్యవసాయం చేయలేదు. ఆయన కుమ్మరి. మంచి కుమ్మరి.

 బయట టీ ఇస్తున్న కప్పులు మావాడు చేసినవే. తాగాక పారేయకండి, కడిగి మళ్లీ వాడుకునేవి. సెలవు.